అంగిట్లో దివాణం

ఒక మనిషి ఒక్క పూటలో ఎంతమందికి రక్తసంబంధీకుడు కాగలడో మీకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. ఒక శివరాత్రినాడు, ఉపవాసపు కడుపుతో, ఎండ నడినెత్తికి రాకముందే నేను ఒక ఊరు ఊరంతటికీ చుట్టమైపోయాను. ఆ చుట్టరికానికి ఆ ఊళ్లో ఒక్కరూ సంతోషించలేదు. కొందరు చెప్పులు కూడా చేతిలోకి తీసుకున్నారు. ఈ విపత్తును ఎవరూ నా నెత్తిన రుద్దలేదు. సొంత నోటితో, సొంత తెలివితో, నిటారుగా నిలబడి మరీ తెచ్చుకున్నాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. ఎవరి నవ్వునూ పట్టించుకోనట్టు కనిపించడం మా ఇంట్లో పాలు మాన్పించగానే నేర్పుతారు.

మాది దివాణం ఇల్లు. ఊరు నరసరావుపేటకు బస్సులో గంటలోపు దూరం. పేరు చెప్పను, వాళ్లు ఇప్పటికే నన్ను తలుచుకుంటున్నది చాలు. మా ముత్తాతగారు ఆ ఊరి పొలిమేరలో ఏ గట్టు మీద నిలబడి ఏ దిక్కుకు చూసినా అంతా మాదేనట. తాతగారి కాలానికి ఒక్క దిక్కుకు తిరిగి చూస్తేనే మాది. మా నాన్నగారి కాలానికి ఏ దిక్కుకు చూసినా ఎవరో ఒకరు నాట్లు వేసుకుంటూ కనిపించేవారు, వాళ్లు మా వాళ్లు కారు. కోర్టులు, వాయిదాలు, పేకాట, పొగాకు వ్యాపారం - ఆస్తి పోవడానికి లోకంలో ఉన్న దారులన్నింటినీ మా పెద్దలు ఎంతో శ్రద్ధగా వాడుకున్నారు. ఒక్క దారినీ చిన్నబుచ్చలేదు.

నేను పెరిగింది నరసరావుపేటలో, ఒక పిండిమర వెనక అద్దె పోర్షన్లో. మర మోతకు ఇంట్లో అందరం గట్టిగా మాట్లాడుకునేవాళ్లం. చుట్టుపక్కలవాళ్లు దాన్ని దివాణం దర్పం అనుకునేవారు. మేము కాదనలేదు. పైగా మా ఇంటి మగవాళ్లకు నడుము వంగదు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా చేరిన మొదటి రోజున నా పెన్ను కింద పడింది. పదిమంది చూస్తుండగా వంగి తీసుకోవడం ఇష్టంలేక బజారుకు వెళ్లి కొత్తది కొనుక్కొచ్చాను. పాత పెన్నును చీపురుతో ఊడ్చేదాకా దాన్ని నేను ఎరగనట్టే ఉన్నాను.

ఇక అసలు సంగతి. మిగిలిన చివరి పొలం చెక్క కూడా అమ్ముడై రిజిస్ట్రేషన్ అయిపోయిన రోజున తాతగారు ఇంటికొచ్చి నులకమంచం మీద కూర్చున్నారు. నేను పసివాణ్ణి. పెద్దవాళ్ల ముఖాలు చూసి భయమేసి, దగ్గరికి వెళ్లి అడిగాను.

"తాతయ్యా, ఇంక మనకేం లేదా?"

ఆయన నన్ను తొడ మీద కూర్చోబెట్టుకున్నారు.

"నోరు మూసుకో."

మూసుకున్నాను.

"నాలుక పైకి పెట్టు. పై పళ్ల ఎనకమాల, అంగిట్లో. ఏం తగిలింది?"

"గరుగ్గా ఉంది తాతయ్యా."

"గరుగ్గా కాదురా పిచ్చోడా. గట్లు. ఒకదాని ఎనక ఒకటి, అటూ ఇటూ. ఉన్నయ్యా లేదా?"

"ఉన్నయ్."

"అయ్యి మన పొలం గట్లు. దేవుడు దివాణం వాళ్ల నోట్లో మాత్తరమే పెట్టాడు. పొలం పోద్ది గాని గట్టు పోదు. ఎవరితో అనబాక. దిష్టి తగిలిద్ది."

ఇప్పుడు మీరేం చేస్తున్నారో నాకు తెలుసు. నాలుక పైకి పెట్టి తడుముకుంటున్నారు. తగిలాయా? తగులుతాయి. కంగారు పడకండి, మనం బంధువులం కాము. కాని నాకు ఈ ముక్క చెప్పేవాళ్లు లేకపోయారు. ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా భూమ్మీద నా ఒక్కడి అంగిట్లోనే గట్లున్నాయనీ, తక్కినవాళ్లందరికీ అక్కడ గచ్చు చేసినట్టు నున్నగా ఉంటుందనీ నమ్మాను. బళ్లో మాస్టారు నన్ను బెంచీ ఎక్కించినప్పుడు నాలుక పైకి పెట్టి గట్టు మీద ఒకసారి నడిచి వచ్చేవాణ్ణి. తక్కిన పిల్లల మీద నాకు జాలి కూడా వేసేది. పాపం, వాళ్ల నాలుకలకు ఆనుకోవడానికి చోటెక్కడిది?

మీరు అడగవచ్చు, అన్నేళ్లలో ఒక్కసారైనా సైన్సు పాఠంలో చదవలేదా అని. చదివేవాణ్ణే. ఇంటర్లో బైపీసీలో చేరతానంటే తాతగారు ఒప్పుకోలేదు. "కప్పల్ని కోసే చదువు మనకెందుకురా" అని సీఈసీలో చేర్పించారు. పళ్ల డాక్టరు దగ్గరికైనా వెళ్లలేదా అంటారేమో. ఒకరి ముందు నోరు తెరవడం మా ఇంటావంటా లేదు. పన్ను నొప్పి వస్తే లవంగం బిగించి, దవడ కదలకుండా గంభీరంగా కూర్చునేవాళ్లం. మా వంశపు గాంభీర్యానికి ఊళ్లో ఉన్న పేరులో సగం పిప్పిపళ్లదే.

పొలాలు పోయాక, దివాణం మేడ తలుపులూ దూలాలూ కూడా ఎవరెవరో కొనుక్కుపోయాక, మాకు ఆ ఊళ్లో మిగిలింది ఒక్కటే. పాగా. ఏటా శివరాత్రికి మా ఊరి ప్రభ కోటప్పకొండకు కదులుతుంది. వెదుళ్లతో కట్టి, రంగు గుడ్డలు చుట్టి, తాటిచెట్టంత ఎత్తున లేపిన ప్రభ. అది కదిలేముందు సర్పంచి దివాణం వారసుడి తలకు ఎర్ర పాగా చుడతాడు. డప్పులు మోగుతాయి. వారసుడు తొలి కొబ్బరికాయ కొడతాడు. అంతే. ఏడాది పొడుగునా బస్తాలకు చీటీలు అంటించే గుమాస్తాను, ఆ ఒక్క పూట నేను దివాణం. ఆ పాగా కూడా పోతే నేను నరసరావుపేటలో పిండిమర వెనక ఉండే ఒక మనిషిని, అంతే. ఈ మాట అప్పట్లో ఎవరితోనూ అనలేదు. ఆ పాగా కోసం నేను ఏమైనా చేసేవాణ్ణి. చేశాను కూడా.

ఆ ఏడు శేషగిరి దిగాడు. మా తాతగారి తమ్ముడికి పిల్లలు లేకపోతే ఒక పిల్లవాణ్ణి దత్తత తెచ్చుకున్నారు. ఆ దత్తుడి కొడుకు శేషగిరి. నాకు వరసకు అన్న. కారంపూడిలో ఎరువుల కొట్టు. ప్రభకు లైట్లన్నీ తానే కట్టించి, జనరేటరు తెప్పించి, పాగా తనకే కట్టాలని కూర్చున్నాడు.

పంచాయతీ శివరాత్రి పొద్దున్నే బడి వరండాలో జరిగింది. ఎదురుగా ప్రభ నిలబడి ఉంది. బడి ఆవరణలోనే షామియానా వేసి, టౌను నుంచి వచ్చిన పళ్ల డాక్టర్లు ఉచిత శిబిరం పెట్టారు. తిరునాళ్లకు ఊరంతా ఒకచోట ఉంటుందనీ, ఉపవాసం కాబట్టి నోళ్లు ఖాళీగా ఉంటాయనీ ఆ రోజు ఎంచుకున్నారట. వరసలో నిలబడ్డవాళ్లు ఒక చెవి పంచాయతీ వైపు పడేశారు.

సర్పంచి కోటయ్య బాబాయి గొంతు సవరించుకున్నాడు. బాబాయి అన్నది పిలుపు మాత్రమే, చుట్టరికం లేదు. మా వైపు ఊళ్లో అందరూ అందరికీ ఏదో ఒక వరస అవుతారు.

"చిన్నబాబూ, నువ్వూ దివాణమే, శేషగిరీ దివాణమే. ఈ ఏడు ఆయన కట్టించుకుంటాడు, వచ్చే ఏడు నువ్వు. ఏం పోయింది?"

"పాగా పోయింది," అన్నాను.

శేషగిరి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "తమ్ముడూ, లైట్లెవరియ్యి? జనరేటరెవరిది? నువ్వు తెచ్చిందేంది, నీ తలకాయే గదా."

"పాగా కట్టేది తలకాయకే అన్నయ్యా. జనరేటరుకు కాదు."

జనం నవ్వారు. కోటయ్య బాబాయి కూడా మీసం కింద నవ్వుకున్నాడు. నేను అక్కడితో ఆగి ఉంటే ఆ పాగా ఇవాళ్టికీ నా తల మీదే ఉండేది. కాని గెలుస్తున్నప్పుడు ఊరుకోవడం మా వంశంలో ఎవరికీ చేతకాలేదు. అదే చేతనైతే పేకాటలో అన్ని ఎకరాలు ఎందుకు పోతాయి?

"అసలు దత్తతకు పాగా ఏమిటి బాబాయ్," అన్నాను. "రక్తం ఉండాలి. నాకుంది. రుజువు కూడా ఉంది."

"ఏందది?"

"అంగిట్లో."

వెనకనుంచి ఎవరో "యాడా?" అన్నారు.

"అంగిట్లో. దివాణం రక్తం ఉన్నవాళ్లకు అంగిట్లో గట్లుంటాయి. ఇది మా వంశ రహస్యం. తాతగారు నాకు చెప్పి పోయారు. శేషగిరికి ఉండవు. ఉంటే పాగా ఆయనకే కట్టండి. డాక్టర్లు ఇక్కడే ఉన్నారు, చూపిద్దాం."

రహస్యం బయటపెట్టినందుకు తాతగారు పైనుంచి కోప్పడతారేమోనని మాత్రమే నాకు భయం. తక్కిన దేనికీ లేదు. కోటయ్య బాబాయి జీవితంలో ఎన్నో పొలం గట్ల తగాదాలు తీర్చినవాడు. ఇలాంటి గట్లు ఆయనకూ కొత్తే.

"సరే పదండి," అన్నాడు. "ఇదీ చూద్దాం."

షామియానా కింద చిన్న వయసు డాక్టరమ్మ, నుదుటికి లైటు కట్టుకొని ఉంది. నేను వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. వెనక్కి వాలమంది. వాలలేదు. నిటారుగా కూర్చునే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పరాయి మనిషి ముందు నోరు తెరిచాను. ఆమె లోపలికి చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. అది గౌరవం అనుకున్నాను.

"సార్, ఎప్పుడన్నా క్లీనింగ్ చేయించారా?"

"అది పక్కన పెట్టండమ్మా. పైన అంగిట్లో గట్లున్నాయా లేవా, ఒక్కమాటలో చెప్పండి."

"మడతలా? ఉన్నాయి. అవి మామూలుగా..."

"చాలు. వివరాలు అక్కర్లేదు."

జనం వైపు తిరిగి చూశాను. ఒకరిద్దరు తలపంకించారు. తర్వాత శేషగిరి కూర్చున్నాడు. ఎరువుల బస్తాలాంటి మనిషి, కుర్చీ కిర్రుమంది. డాక్టరమ్మ లైటు వేసింది.

"ఈయనకీ ఉన్నాయి సార్. అసలు ఇవేంటంటే..."

"ఉన్నాయా?" అన్నాను.

"ఉన్నాయి. చక్కగా ఉన్నాయి. కాని నేను చెప్పేది..."

"ఆగండమ్మా."

ఇక్కడ నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఆ పిల్ల ఏం చెప్పబోతోందో వినడం. రెండోది, నేను చేసింది. నా బుర్ర మిర్చి బస్తాలు మోసే లారీ ఎత్తు ఎక్కుతున్నట్టు గేరు మార్చుకుంటూ, మూలుగుతూ పనిచేసింది. శేషగిరికి గట్లున్నాయంటే శేషగిరిలో మా రక్తం ఉంది. ఆయన తండ్రి దత్తుడు. అయినా రక్తం ఉందంటే?

"దత్తత అన్నది పైకి చెప్పిన మాటేమో," అన్నాను గంభీరంగా. "మా చిన్నతాతగారు ఆ పిల్లవాణ్ణి ఏ ఊరినుంచి తెచ్చారో, ఎందుకు తెచ్చారో, ఆ తల్లి ఎవరో, మనకేం తెలుసు?"

శేషగిరి కుర్చీలోంచి లేచాడు. డాక్టరమ్మ పెట్టిన అద్దం ఇంకా నోట్లోనే ఉంది. తీసి పక్కన పెట్టాడు.

"అంటే ఏందిరా? మా నాయనమ్మనేమంటున్నావ్?"

"నేనేమీ అనడంలేదు అన్నయ్యా. గట్లు అంటున్నాయి."

"గట్లు అనేదేందిరా? నీ మూతి పళ్లు రాలగొడితే అప్పుడంటయ్యి గట్లు."

కోటయ్య బాబాయి మధ్యలోకి వచ్చాడు. అప్పుడు నేను, మంట ఆర్పడానికి కిరసనాయిలు పోసినట్టు, ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"బాబాయ్, మీరు కూర్చోండి. దివాణం కానివాళ్ల అంగిలి ఎలా ఉంటుందో అందరూ ఒకసారి చూస్తే తేడా తెలిసిపోతుంది."

ఆయన పెద్దమనిషి. నన్ను నమ్మి కూర్చున్నాడు. పాపం, నోరు బాగా తెరిచాడు. డాక్టరమ్మ చూసింది, నా ముఖం చూసింది, మళ్లీ నోట్లోకి చూసింది.

"వీరికీ ఉన్నాయి."

ఎవరో లెక్క వేశారు. ఆ లెక్క ఒకరినుంచి ఒకరికి కళ్లతో పాకింది. గట్లుంటే దివాణం రక్తం. కోటయ్యకు గట్లున్నాయి. కోటయ్య పుట్టిన సంవత్సరమేమిటి, అప్పట్లో దివాణంలో ఎవరున్నారు?

వరసలో కట్టుడు పళ్ల కోసం కూర్చున్న రత్తమ్మ మామ్మ లేచింది. కోటయ్య బాబాయికి కన్నతల్లి. ఎనభై దాటిన మనిషి, నోట్లో ఒక్క పన్ను లేదు, మాటకు మాత్రం పదును ఉంది.

"ఒరేయ్ కోటయ్యా, నోరు మూయి. నువ్వు మీ నాయన కొడుకువే."

బాబాయి నోరు మూశాడు. ఆమె నా వైపు తిరిగింది.

"ఏమయ్యా చిన్నబాబూ. నేనీ ఊరికి కాపరానికొచ్చేతలికి మీ ముత్తాత మంచాన పడి ఉన్నాడు. ఇద్దరు లేపితేగాని కూచునేవోడు గాదు. మీ తాత లాగూ బొందు ముడేసుకోవడం రాక ఈదిలో ఏడస్తా తిరిగేవోడు. ఎవరు పంచారయ్యా గట్లు? చెప్పు, నేనూ వింటా."

"మామ్మా, నేను అనేది..."

"నువ్వనేది ఇన్నాంలే. నా నోరు కూడా చూడమ్మాయ్." అని కుర్చీలో కూర్చుంది.

డాక్టరమ్మ చూసింది. ఉన్నాయి. పళ్లు పోయినా అవి పోలేదు. గట్టు పోదని మా తాతగారు చెప్పిన ఆ ఒక్కమాట మాత్రం నిజమేనని తేలింది, కాని ఆ సమయంలో అది ఎవరికీ ఊరట కలిగించలేదు.

"ఇప్పుడేమంటావు?" అంది రత్తమ్మ మామ్మ. "మా అమ్మని గూడా అంటావా? మా పుట్టిల్లు నూజెండ్ల. అంత దూరం వచ్చారా మీవోళ్లు, ఏ బండి కట్టుకొనొచ్చారు?"

ఆ తర్వాత శిబిరం శిబిరంలా లేదు. జనం సెల్‌ఫోన్ల లైట్లు వేసుకొని ఒకరి నోట్లో ఒకరు చూడటం మొదలుపెట్టారు. మొగుళ్లు పెళ్లాల నోళ్లలో, అత్తలు కోడళ్ల నోళ్లలో. "ఉన్నయ్, ఉన్నయ్" అని నలుమూలలా అరుపులు. చెరుకురసం బండి పెద్దమ్మకు ఉన్నాయి. డప్పులవాళ్లందరికీ ఉన్నాయి. తిరునాళ్ల చూడటానికి వచ్చిన ఒక వినుకొండ అల్లుడికి ఉన్నాయి. ఆయన మామగారు నా చొక్కా పట్టుకున్నాడు.

"వినుకొండ దాకా పోయాడంటయ్యా మీ తాత?"

"మా తాతగారికి రైలు పడదండి," అన్నాను. అదొక సమాధానమా? కాని ఆ క్షణంలో నాకు దొరికింది అదే.

ఒకావిడ మొగుణ్ణి పక్కకు లాగి నిలదీస్తోంది. "అయితే మీ అమ్మ నన్నెందుకంటది, కులం తక్కువదానివని? మీ ఇంటికన్నా మా ఇంట్లో గట్లెక్కువ." ఇంకొకాయన ఊరంతా దివాణమే అయితే దివాణం పోరంబోకులో తనకూ వాటా రావాలని అప్పుడే కొలతల గురించి అడుగుతున్నాడు. శేషగిరి ఒక స్తంభానికి ఆనుకొని, కోపం కూడా మరిచిపోయి, పొట్ట పట్టుకొని నవ్వుతున్నాడు. అది నాకు దెబ్బలకన్నా ఎక్కువ నొప్పి పెట్టింది.

చివరికి డాక్టరమ్మ వైపు తిరిగాను. గొంతు పిండిమర ఆగిపోయినప్పటిలా బలహీనంగా వచ్చింది.

"అమ్మా, అసలివి ఎవరికి ఉండవు?"

"అదే సార్ ఇందాకట్నుంచీ చెప్పబోతున్నా, మీరు చెప్పనిస్తే గదా. అందరికీ ఉంటాయి. తినేది జారిపోకుండా నాలుక్కి పట్టు కోసం. అవి చర్మం మడతలు, అంతే. ఒకరివి ఒకరికి కలవవు, వేలిముద్రల్లాగా."

నేను మునిగేవాణ్ణి కదా, ఆ గడ్డిపరకను పట్టుకున్నాను. "ఒకరివి ఒకరికి కలవవా? అయితే మావి ప్రత్యేకమే."

"మీవీ ప్రత్యేకమే సార్. ఆ చెరుకురసం పెద్దమ్మవీ ప్రత్యేకమే."

పెద్దమ్మ బండి దగ్గరనుంచి కొంగు సర్దుకుంది.

డాక్టరమ్మకు నా మీద జాలి వేసినట్టుంది. ఓదార్చడానికి ఇంకా చెప్పింది. "ఒంట్లో మడతలు, గట్లు లేని చోటేది సార్? పొట్ట లోపలంతా మడతలే. పేగుల్లో మడతలే. మెదడు చూడండి. కంటికి కనపడని కణం ఉంటుందా, దానికి సత్తువ తయారుచేసిపెట్టే బుల్లి సంచులుంటాయి, వాటి లోపలి పొర కూడా మడతలు మడతలే. పుర్రె లోపల, ముక్కుకు పైగా, కోడిపుంజు జుట్టులాంటి ఎముక గట్టు కూడా ఒకటుంటుంది."

"అది గూడా అందరికీనా అమ్మాయ్?" అంది రత్తమ్మ మామ్మ.

"అందరికీ మామ్మా."

"పోన్లే, అదన్నా దివాణానికి రాసిద్దాం. ఉత్త చేతులతో పంపిస్తే బాగోదు."

కోటయ్య బాబాయి మాత్రం ఆలోచిస్తూ అడిగాడు. "ఇన్ని మడతలెందుకమ్మా ఒంట్లో?"

"తక్కువ చోట్లో ఎక్కువ పట్టించాలంటే మడత పెట్టక తప్పదండి. ఆ పేగుల పొర పరిస్తే ఒంట్లో ఎక్కడ పడుతుంది?"

అంతమందిలో ఆ మాట నాకు అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థమై ఉండదు. ఏ దిక్కు చూసినా మాదే అన్న దివాణం మొత్తాన్ని మడిచి, పిండిమర వెనక పోర్షన్లో సర్దుకొని బతుకుతున్నవాళ్లం మేము. మడత విప్పి పరిస్తే పట్టే చోటు లేదు. అందుకే విప్పకూడదని తాతగారు చెప్పారేమో. నేను నడిబజారులో విప్పేశాను.

ఇంతలో కొండకు ఆలస్యమవుతోందని కుర్రకారు గోల మొదలెట్టారు. ప్రభ కదలాలి. పాగా ఎవరికి? గట్లే రుజువని నేను అన్నాను, ఒప్పుకున్నాను, ఊరంతా విన్నది. ఇప్పుడు ఊరంతా వారసులే. కోటయ్య బాబాయి ఎర్ర గుడ్డ చేత్తో పట్టుకొని దిక్కులు చూస్తున్నాడు.

ప్రభను కొండదాకా లాగేది ట్రాక్టరే అయినా, ఆచారం కోసం ఊరి పొలిమేర వరకు గిత్తల జతను కడతారు. గిత్తలు ఆంజనేయులివి. ఆయన పగ్గం పట్టుకొని అప్పటిదాకా విసుగ్గా నిలబడి ఉన్నాడు.

"గట్లే లెక్కయితే ఇంత పంచాయితీ ఎందుకు?" అన్నాడు. "మా గిత్త నోరు చూడండి ముందు. మందు పోసేటప్పుడు చూస్తన్నా గదా, లోపల దున్నిన చేనే."

"తే చూద్దాం," అన్నారు కుర్రాళ్లు.

ఆంజనేయులు గిత్త ముక్కుతాడు పట్టి తల పైకెత్తి, దవడ పక్కన బొటనవేలు పెట్టి నోరు తెరిపించాడు. డాక్టరమ్మ భయపడుతూనే దగ్గరికి వెళ్లి లైటు వేసింది. అంత సేపట్లో ఆమె ముఖంలో మొదటిసారి నిజమైన ఆనందం చూశాను.

"అబ్బ, ఎంత లోతుగా ఉన్నాయో. ఈ చివరనుంచి ఆ చివరదాకా, దువ్వినట్టు. ఇక్కడ ఎవరికీ ఇంత బాగా లేవు."

ఇక ఆపడం ఎవరివల్లా కాలేదు. కోటయ్య బాబాయి ఒక్క క్షణం నా ముఖం చూశాడు. వెళ్లి ఆ ఎర్ర పాగాను గిత్త రెండు కొమ్ములకూ చుట్టి ముడివేశాడు. డప్పులు మోగాయి. మా ముత్తాతగారి కాలంలో కూడా అంత గట్టిగా మోగి ఉండవు. కొబ్బరికాయ బాబాయే కొట్టాడు. గిత్త తల ఎత్తి, మెడ వంచకుండా, ఎంతో హుందాగా నిలబడింది. నిజం చెప్పాలంటే ఆ పాగా నాకెప్పుడూ అంత బాగా కుదరలేదు.

నేను నిటారుగా నిలబడే ఉన్నాను. నడుము వంగని మనిషికి పారిపోవడం కూడా కష్టమే. పరుగెత్తాలంటే కాస్తయినా ముందుకు వంగాలి కదా.

డప్పులు ఒక్క నిమిషం ఆగినప్పుడు రత్తమ్మ మామ్మ ఊరందరికీ వినపడేలా అడిగింది.

"ఏమయ్యా చిన్నబాబూ, గట్లున్నోళ్లంతా మీ రక్తమేనంటివి గదా. ఈ గిత్త మీకు వరసకేమవుద్ది?"

నా పక్కనుంచి శేషగిరి రెండు చేతులూ పైకెత్తాడు.

"మామ్మా, నాకు మాత్తరం ఏమీ గాదు. మాది దత్తత."

ఆ నవ్వులో నేను బస్సెక్కాను.

ఆ ఏటినుంచి మా ఊళ్లో పాగా గిత్తకే కడుతున్నారు. గొడవ లేకుండా ఉంది, గిత్త లైట్లు కట్టించమని కూడా అడగదు అని ఊరివాళ్లు సంబరపడుతున్నారట. నేను మాత్రం ఆ సాయంత్రమే పిండిమర ముందు నిలబడి, తూర్పు ముఖంగా, సూర్యుడు అటువైపు లేకపోయినా, కుడిచెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో ఎవరి నోట్లోకీ తొంగిచూడను. ఎవరి తల్లినీ, నాయనమ్మనూ, ముత్తవ్వనూ నా వంశంలో కలుపుకోను. డాక్టరు నోరు తెరిచి చెప్పబోతుంటే నా నోరు మూసుకుంటాను. అన్నిటికన్నా ముఖ్యంగా, దారిలో గిత్త ఎదురైతే పక్కకు తప్పుకొని, తల కొంచెం వంచి దారిస్తాను. ఏమో, వరసకు నాకన్నా పెద్దవాడేమో.